ఎక్కడికి అని అడిగే ఉద్యోగం

మా పొన్నమెరక ఎంత చదునైన ఊరంటే, వాన పడితే నీళ్ళు ఎటు వెళ్ళాలో తేల్చుకోలేక రెండు రోజులు ఉన్నచోటనే నిలబడి ఆలోచిస్తాయి. ఊరికి ఏడు కిలోమీటర్ల ఎగువన నది, నది ఒడ్డున లాకులు, లాకుల నుంచి మా ఊరి దాకా పంటకాలవ, కాలవ పక్కనే గట్టు. గట్టు మీద ఎర్ర గ్రావెల్ ఏ కాలంలో పోశారో ఎవరికీ తెలియదు. దాని మీదికి బస్సు రాదు, లారీ రాదు, ఆటో కూడా రాదు. అటూ ఇటూ వరిచేలు, పొడుగునా పదకొండు తూములు. రోజూ పొద్దున్నే ఆ గట్టు మీద ఒకే ఒక్క సైకిలు వెళ్ళేది. అది లస్కరు తాతారావుది. తూముల తలుపులు ఎత్తి, దించి, ఎవరి వంతు నీళ్ళు వాళ్ళకి అందించడం ముప్ఫై ఏళ్ళుగా అతని పని.

అలాంటి చోట వాహనాలు లేని గ్రావెల్ సైకిలు బాట ఒకటి వేయాలని ప్రభుత్వం వారికి తోచింది. ఉన్నదాన్ని మళ్ళీ వేయడమేమిటని ఊళ్ళో కొందరు గొణిగారు. వాళ్ళకి అభివృద్ధి అంటే తెలియదు. నాకు తెలుసు, ఎందుకంటే ఆ బాట మీద నాకు ఉద్యోగం వచ్చింది.

ఈ పని కోసం పుట్టిన కొత్త సంస్థ పేరు వాహనరహిత విహార మార్గాల ప్రాధికార సంస్థ. దానికి డైరెక్టరు చిదంబరేశ్వరరావు గారు. ఆయన ఏదో చల్లటి దేశానికి పన్నెండు రోజులు అధ్యయన యాత్రకు వెళ్ళి, అక్కడి నదీలోయలో జనం సైకిళ్ళు తొక్కుతుంటే చూసి, మనసు పారేసుకుని వచ్చారు. రాగానే మా బడి ఆవరణలో షామియానా వేయించి ఉపన్యాసం ఇచ్చారు.

"సోదర సోదరీమణులారా! నేను గమనించిన విషయం ఏమనగా, అక్కడ భూమి చదునుగా యున్నది. ఇక్కడా చదునుగానే యున్నది. అక్కడ గ్రావెల్ యున్నది. ఇక్కడా యున్నది. అయితే అక్కడి ప్రజలు ఏ పనీ లేకుండా సైకిలు తొక్కుచున్నారు. ఇక్కడ ఆ లోటు తీవ్రముగా కనబడుచున్నది. ఈ లోటును దశలవారీగా భర్తీ చేయుటయే మా సంస్థ ధ్యేయము."

నా భార్య పల్లాలమ్మ నా పక్కనే కూర్చుని వింటోంది. "ఏ పనీ లేనోళ్ళు కావాలంటే మిమ్మల్ని తీసుకెళ్ళమనండి" అంది. నేను వినబడనట్టు చప్పట్లు కొట్టాను.

మొదటి చిక్కు సర్వే దగ్గర వచ్చింది. నిబంధన ప్రకారం ముందు గట్టు మీద ట్రాఫిక్ ఎంత ఉందో లెక్క కట్టాలి, తర్వాత దాన్ని పూర్తిగా తొలగించాలి, అప్పుడే పథకం విజయవంతమైనట్టు. ఇద్దరు సర్వేయర్లు వారం రోజులు కుర్చీలు వేసుకుని లెక్కపెట్టారు. తాతారావు సైకిలు ఒకటి, బాతులు మూడు వందల పన్నెండు, గేదె ఒకటి. ఆ గేదె కూడా దారి తప్పి వచ్చిందే.

డైరెక్టరు గారు ఆ కాగితం చూసి తల పట్టుకున్నారు. "ట్రాఫిక్కే లేకపోతే దేనిని తొలగిస్తామయ్యా? ఇది చాలా వెనకబడిన ప్రాంతం" అన్నారు.

దానికి మార్గం కూడా ఆయనే ఆలోచించారు. గట్టు మీద ఉన్న ఎర్ర గ్రావెల్ తీసేసి, కొత్త ఎర్ర గ్రావెల్ పోయించాలని ఉత్తర్వు ఇచ్చారు. నెల రోజులు లారీలు తిరిగాయి. పాత గ్రావెల్ ఎత్తుకెళ్ళినవి కొన్ని, కొత్త గ్రావెల్ తెచ్చినవి కొన్ని, రోజుకి నలభై ఆరు లారీలు. మా ఊరి గోడలు, గిన్నెలు, పసిపిల్లలు అందరూ ఎర్రగా మారిపోయారు. సర్వేయర్లు ఈసారి హుషారుగా లెక్క రాసుకున్నారు. పని అయిపోయాక లారీలు వెళ్ళిపోయాయి. గట్టు మీద వాహనాల రద్దీ నెల తిరక్కుండా నలభై ఆరు నుంచి సున్నాకు దిగిందని పత్రికల్లో వచ్చింది.

ఆ తర్వాత గట్టుకి రెండు వైపులా ఇనప కంచె వేశారు. ఊరి వైపు ఒక గేటు పెట్టారు. లాకుల వైపు గేటు ఇంకా టెండరులో ఉంది గనక అటు బయటికి పోవడమే గాని లోపలికి రావడం కుదరకుండా కంచె కట్టి ఉంచారు. ఊరి గేటు దగ్గర ఒక కుర్చీ, ఒక గొడుగు, ఒక రిజిస్టరు వచ్చాయి. వాటితో పాటు నేనూ వచ్చాను. నాకు ముదురు నీలం చొక్కా, ఈల, ఎర్ర టోపీ ఇచ్చారు. టోపీ ముందు చిన్న కెమెరా కూడా ఉంది. నలభై తొమ్మిదేళ్ళ నా జీవితంలో నా నెత్తి మీద తువ్వాలు తప్ప ఇంకోటి ఉండటం అదే మొదలు. ఆ రోజు అన్నం తినేటప్పుడు కూడా టోపీ తీయలేదు.

ఇక నా పని ఏమిటో చెప్పాలి. వాహనాలు రాకూడదు, సైకిళ్ళు రావచ్చు. బాగానే ఉంది. కానీ సైకిలు మీద పనికి వెళ్ళేవాడు ట్రాఫిక్కా, విహారమా? ఈ సందేహం డైరెక్టరు గారిని మూడు రాత్రులు నిద్ర పోనివ్వలేదట. నాలుగో రోజు సర్క్యులర్ వచ్చింది. "గమ్యస్థానము కలిగి సాగించు ప్రయాణము ట్రాఫిక్‌గా పరిగణించబడును. గమ్యస్థానము లేనిది విహారముగా పరిగణించబడును. కావున మార్గమున ప్రవేశించు ప్రతి వ్యక్తిని కాపలాదారు స్పష్టమైన స్వరముతో 'ఎక్కడికి?' అని ప్రశ్నించి, సమాధానమును నాలుగవ గడిలో నమోదు చేయవలెను. ప్రశ్న కెమెరాలో వినబడని ఎడల కాపలాదారు టోపీ స్వాధీనము చేసుకొనబడును."

ఈ సర్క్యులర్ రాసినాయన తెలుగువాడేనా అని నాకు అప్పుడే అనుమానం వచ్చింది. కానీ టోపీ కొత్తది గనక నోరు మెదపలేదు.

బయల్దేరుతున్న మనిషిని మనవాళ్ళు ఎక్కడికి అని అడుగుతారా? మా పల్లాలమ్మ పాతికేళ్ళ కాపురంలో నన్ను ఏనాడూ అలా అడగలేదు. తెలుసుకోవాలనిపిస్తే "గొడుగు ఇమ్మంటారా?" అంటుంది. వద్దంటే ఊళ్ళోనే అని, ఇమ్మంటే టౌనుకని, మాట్లాడకపోతే పేకాటకని ఆవిడ లెక్క. ఎవరైనా తెలియక ఎక్కడికి అని అడిగారా, ఆ ప్రయాణం చెడినట్టే. వెనక్కి వచ్చి, కాళ్ళు కడుక్కుని, మంచినీళ్ళు తాగి, కాసేపు కూర్చుని మళ్ళీ బయల్దేరాలి. అలాంటి చోట పొద్దున్నించి సాయంత్రం దాకా వచ్చినవాళ్ళందరినీ ఎక్కడికి అని అడిగే ఉద్యోగం నాది.

మొదటి రోజు పక్క ఊరి బడి పంతులుగారు సైకిలు మీద వచ్చారు. అడిగాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, సైకిలు తిప్పుకుని, గేటు పక్కన సంస్థవారు వేసిన సిమెంటు బల్ల మీద కూర్చుని నీళ్ళు తాగారు. పావుగంట తర్వాత మళ్ళీ వచ్చారు. మళ్ళీ అడిగాను. మళ్ళీ కూర్చున్నారు. మూడోసారికి బడి గంట దాటిపోయింది. పెళ్ళిచూపులకి బయల్దేరిన నలుగురు నా ప్రశ్న వినగానే ఆ సంబంధమే వదులుకుని ఇంటికి వెళ్ళిపోయారు. బాతుల వెంకన్నని అడిగితే అతను వెనక్కి తిరిగాడు, అతని వెనక మూడు వందల పన్నెండు బాతులూ తిరిగాయి.

పట్నం నుంచి ఒకాయన నిజంగానే విహారానికి వచ్చాడు. హెల్మెట్టు, నల్లకళ్ళద్దాలు, సన్నటి టైర్ల సైకిలు. "ఎక్కడికీ లేదండీ, ఊరికే" అని చక్కగా జవాబు చెప్పాడు. ఇన్నాళ్ళకి ఒక విహారి దొరికాడని సంబరపడి రిజిస్టరు తెరిచాను. ఈలోగా కారులోంచి వాళ్ళమ్మగారు కేకేసింది. "బయల్దేరుతుంటే అడిగాడ్రా, వెనక్కి రా!" అతను సైకిలు కారు మీద కట్టుకుని వెళ్ళిపోయాడు.

అన్నింటికంటే ముసలి వీరాస్వామి శవం వచ్చిన రోజు నాకు కష్టమైంది. మా శ్మశానం గట్టు మీదుగానే. నిబంధనలో శవాలకి మినహాయింపు లేదు. గొంతు సవరించుకుని అడిగాను. పాడె మోసేవాళ్ళు ఆగిపోయారు. "ఇంతకంటే చెడేదేముంది, పదండి" అని కొడుకు అన్నాడు గాని మేనమామ ఒప్పుకోలేదు. దింపుడుకళ్ళం నా గేటు దగ్గరే పెట్టేశారు. ముసలాయన చెవిలో మూడుసార్లు పేరు పిలిచి, కాసేపు కూర్చుని, నీళ్ళు తాగి, చేలకి అడ్డంపడి తీసుకెళ్ళారు. ఆ రోజు నాలుగో గడిలో ఏం రాయాలో తెలియక ఖాళీగా వదిలేశాను.

నెలాఖరు నివేదికలో డైరెక్టరు గారు ఇలా రాశారట. "సందర్శకులు ప్రవేశద్వారము వద్ద సగటున ఇరువది నిమిషములు విశ్రమించి, జలపానము చేసి, పరిసరములను తనివితీర తిలకించుచున్నారు."

ఇంతవరకూ నాకు వచ్చిన నష్టమేమీ లేదు. జనం తిట్టుకుంటే టోపీ కిందికి లాక్కునేవాణ్ణి. నష్టం మంగళవారం నాడు మొదలైంది.

అది దాళ్వా కాలం. వాన ఉండదు, కాలవ నీళ్ళే దిక్కు. నీళ్ళు చాలవు గనక వంతులు పెడతారు. ఆ ఏడు మొదటి వంతు ఆ మంగళవారమే, అందాకా తాతారావుకి గేటుతో పని పడలేదు. మా ఊరు కాలవకి చిట్టచివర, శివారు. మాకు వంతు మంగళవారం, శుక్రవారం. ఆ రోజుల్లో తాతారావు లాకుల దాకా వెళ్ళి పెద్ద తలుపు ఎత్తి, వచ్చేదారిలో ఎగువ ఊళ్ళ తూములన్నీ దించితేనే మాకు నీళ్ళు దిగుతాయి. లస్కరు తప్ప ఇంకొకడు తూము మీద చెయ్యి వేస్తే ఎగువవాళ్ళు కర్రలు పట్టుకుని వస్తారు. నాకు ఎకరంన్నర ఉంది. దానికి నారు కోసం ఎనిమిది సెంట్ల ఆకుమడి పోశాను. ఆకు జానెడు లేచి, నీళ్ళ కోసం చూస్తోంది. అది ఎండితే మళ్ళీ చల్లడానికి విత్తనమూ లేదు, అదునూ లేదు. ఏడాది తిండి పోయినట్టే.

తాతారావుకి సంస్థవారు ప్రత్యేక అనుమతి ఇచ్చారు. అతను అత్యవసర గమ్యధారి అని కాగితం మీద రాసి ఉంది. వెళ్ళవచ్చు. అడిగించుకుని వెళ్ళాలి, అంతే.

మంగళవారం పొద్దున్నే అతను సైకిలుకి తలుపులు తిప్పే ఇనప చెయ్యి కట్టుకుని వచ్చాడు. గేటుకి పది అడుగుల దూరంలోనే చెయ్యెత్తాడు.

"తమ్ముడూ భద్రం, నువ్వేం అడగమాకు. నేనే సెప్పేత్తాను. లాకుల కాడికి ఎల్తన్నాను. రాసేసుకో."

"అడక్కుండా చెబితే చెల్లదన్నా. నా గొంతు కెమెరాలో వినబడాలి."

"ఇనబడకపోతే ఏటవుద్ది?"

"టోపీ పోద్ది."

అతను నా టోపీ కేసి చూశాడు. నేను కళ్ళు మూసుకుని "ఎక్కడికి?" అనేశాను. తాతారావు దిగి, సైకిలు తిప్పి, నడిపించుకుంటూ ఇంటికి వెళ్ళిపోయాడు.

అతనిది ఉత్త చాదస్తమని ఎవరూ అనలేరు. పదకొండేళ్ళ కింద కొత్తగా వచ్చిన ఇంజినీరు ఒకాయన, బయల్దేరుతున్న తాతారావుని తెలియక అడిగాడు. పై ఉద్యోగి గదా అని తాతారావు అలాగే వెళ్ళాడు. మూడో తూము దగ్గర తలుపు జారి ఎడమచేతి చూపుడువేలు సగం తెగింది. ఆ సాయంత్రమే ఎనిమిదో తూము దగ్గర గట్టుకి గండి పడి, నలభై ఎకరాల మీద ఇసక మేట వేసింది. అప్పటినించి మా ఊళ్ళో మాటలు నేర్చే పిల్లలకి కూడా అమ్మ, నాన్న తర్వాత నేర్పేది తాతారావుని అడగకూడదనే.

ఆ మంగళవారం అతను తొమ్మిదిసార్లు వచ్చాడు. తొమ్మిదిసార్లు అడిగాను. తొమ్మిది చెంబుల నీళ్ళు తాగి అతనికి కడుపు ఉబ్బింది గాని మా కాలవలోకి చుక్క రాలేదు. శుక్రవారం పన్నెండుసార్లు. ఆ పై మంగళవారం అతను రెండుసార్లు వచ్చి, ఇక రాలేదు.

ఆకుమడి పసుపురంగు తిరిగింది. పల్లాలమ్మ బోరు దగ్గర్నించి బిందెలు మోసి మడి మీద చల్లింది. ఎనిమిది సెంట్లకి బిందెలతో ఎక్కడ సరిపోతాయి? సాయంత్రం గేటుకి తాళం వేసి ఇంటికి వెళ్ళి టోపీ మేకుకి తగిలిస్తుంటే అంది, "దాన్ని అక్కడ పెడతారేంటి? మడిలో నాటండి. రోజూ నీళ్ళు పోత్తాను. ఆకొత్తదేమో సూద్దాం."

"ఉద్యోగమే, నా చేతిలో ఏముంది?"

"మీ నోట్లో ఉంది" అంది ఆవిడ. అన్నం పెట్టింది గాని కూర వేయలేదు.

మర్నాడు గేటు తాళం తీయకుండానే సెలవు పెట్టి టౌనుకి, డైరెక్టరు గారి దగ్గరికి వెళ్ళాను. సంగతంతా చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నారు.

"చూడు భద్రం, ఇవన్నీ మూఢనమ్మకములు. శాస్త్రీయ దృక్పథమునకు కట్టుబడిన మన సంస్థలో వీటికి తావు లేదు" అన్నారు. ఈలోగా గుమస్తా ఫైలు తెచ్చి ముందు పెట్టాడు. ఆయన గోడ గడియారం చూసి, "రాహుకాలం వెళ్ళనీవయ్యా, తర్వాత సంతకం పెడతాను" అని పక్కకి నెట్టారు.

నేను తల గోక్కుంటూ ఒక మధ్యేమార్గం చెప్పాను. ఎక్కడికి అనేబదులు పెద్దవాళ్ళు అడిగినట్టు ఎందాకా అని అడిగితే ఎవరికీ పట్టింపు ఉండదండీ అన్నాను.

"ఎందాకా అనునది దూరమునకు సంబంధించిన విషయము. దూరము అయిదవ గడి. గమ్యము నాలుగవ గడి. నాలుగవ గడి నింపకుండా అయిదవ గడికి పోవుట పరిపాలనలో సాధ్యము కాదు." ఆయనకి కొంచెం కోపం కూడా వచ్చింది. తర్వాత రిజిస్టరు తిప్పుతూ ఒక్కసారి ఆగిపోయారు. "మూడు వారములలో గేటు దాటి లోపలికి పోయినవారు ఎందరు?"

"ఎవరూ లేరండి."

"లస్కరు?"

"లేడండి."

"కనీసం బాతులు?"

"అవీ లేవండి."

డైరెక్టరు గారు కుర్చీలోంచి లేచి, బల్ల చుట్టూ తిరిగి వచ్చి, నా రెండు చేతులూ పట్టుకున్నారు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఆ చల్లటి దేశములో కూడా అప్పుడప్పుడు సైకిళ్ళు వచ్చేవయ్యా. నూటికి నూరు పాళ్ళు ట్రాఫిక్ లేని మార్గము ప్రపంచములో ఇదొక్కటే అయి ఉండును. నిన్ను నేను మరువను."

అవార్డుకి రాశారు. అవార్డు కమిటీ వస్తోందని, ఆ రోజే మంత్రిగారు బాటను ప్రారంభిస్తారని కబురు వచ్చింది. అది కూడా మంగళవారమే.

గేటుకి అరటిబోదెలు కట్టారు. బ్యాండు మేళం వచ్చింది. కమిటీ నుంచి ఒకాయన నా రిజిస్టరు, కెమెరా రికార్డు రెండూ పక్కపక్కన పెట్టుకుని సరిచూసి, వచ్చినవాళ్ళలో ప్రశ్నించని మనిషి ఒక్కరు కూడా లేరని మెచ్చుకున్నాడు. మంత్రిగారికి కొత్త సైకిలు తెచ్చారు. ఆయన వెంట జ్యోతిష్కుడు వచ్చాడు. ముహూర్తం తొమ్మిదీ పన్నెండు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. మంత్రిగారు తూర్పుకి తిరిగి దణ్ణం పెట్టుకుని, కుడికాలు పెడలు మీద వేసి గేటులోకి వచ్చారు. నేను సెల్యూట్ చేసి, స్పష్టమైన స్వరంతో అడిగాను.

"ఎక్కడికండీ?"

బ్యాండు ఆగిపోయింది. మంత్రిగారి కాలు పెడలు మీదే ఉండిపోయింది.

"ఎవడయ్యా అడిగింది?" అన్నారు నెమ్మదిగా.

"సార్, అది మా సంస్థ స్వాగత విధానము" అన్నారు డైరెక్టరు గారు.

మంత్రిగారు సైకిలు దిగిపోయారు. దిగుతున్నప్పుడు ఒక నిమ్మకాయ తొక్కారు. జ్యోతిష్కుడు పంచాంగం తిప్పి, వెనక్కి వచ్చి పారే నీళ్ళలో కాళ్ళు కడుక్కుని, కూర్చుని లేవాలని, మళ్ళీ మంచి గడియ రాహుకాలానికి ముందు, మధ్యాహ్నం రెండూ యాభై అయిదుకి ఉందని చెప్పాడు. మంత్రిగారు కాలవ కేసి నడిచారు. వెనకే అందరూ నడిచారు. కాలవ అడుగు బీటలు తీసి ఉంది. పీతల బొరియలు, ఎవరిదో ఒంటి చెప్పు తప్ప అందులో ఏమీ లేవు.

"నదీలోయ సైకిలు బాట అన్నావు, నీళ్ళేవయ్యా?"

"సార్, నీరు మా పరిధిలోకి రాదు. చదును, గ్రావెల్ మాత్రమే మావి."

"ఆ గడియకల్లా ఇందులో నీళ్ళు పారాలి. లేకపోతే నీ పరిధి ఎంతో నేను చూపిస్తాను."

తాతారావు కోసం జీపు పంపారు. అతను జీపు ఎక్కనని, సైకిలు మీదే వచ్చాడు. అప్పుడే బయల్దేరితే పదింటికి లాకుల దగ్గర ఉంటాడు, మూడు లోపల నీళ్ళు మా దాకా వస్తాయి. అందరూ దారి ఇచ్చారు. అతను గేటు ముందుకి వచ్చి, నా కేసి చూసి ఆగాడు. ఈసారి చెయ్యెత్తలేదు, అడగమాకు అని కూడా అనలేదు. హ్యాండిలు మీద అతని సగం వేలు కనిపిస్తోంది.

"అడిగి పంపవయ్యా, రికార్డు అవుచున్నది" అన్నారు డైరెక్టరు గారు.

"అడిగితే ఎళ్ళడండీ" అన్నాను.

"అడగకుంటే అతడు ప్రశ్నింపబడని ట్రాఫిక్! కమిటీ చూచుచున్నది! అవార్డు!"

"తొందరగా ఏదో ఒకటి అడగవయ్యా" అని మంత్రిగారు కూడా అరిచారు.

జనంలో పల్లాలమ్మ నిలబడి ఉంది. ఆవిడ చేతిలో ఆకు పిలక ఒకటి ఉంది, మొదలు దాకా ఎండి వేలాడుతోంది. ఆవిడ దాన్ని నాకు చూపించలేదు, ఊపలేదు, ఊరికే పట్టుకుని ఉంది. నాకు సిగ్గు వేసింది. ఒక టోపీ కోసం ఊరందరి ఆకుమళ్ళూ ఎండబెట్టిన వెధవని నేను. టోపీ తీసి, కెమెరా కిందికి వచ్చేట్టు రిజిస్టరు మీద బోర్లించాను.

"నేను అడగను" అన్నాను.

డైరెక్టరు గారు నోరు తెరిచారు. ఎవరైనా అడిగేస్తారేమో, ఆయనే అడిగేస్తారేమో అని భయపడ్డాను. కానీ పల్లాలమ్మ అంతకంటే ముందు కదిలింది. గేటు పక్క బోరు దగ్గర నిండుగా ఉన్న బిందె చంకకి ఎత్తుకుని, గేటులోంచి లోపలికి వెళ్ళి, గట్టు మీద ఇరవై అడుగులు నడిచి, వెనక్కి తిరిగి, నీళ్ళు తొణక్కుండా తాతారావుకి ఎదురు వచ్చింది.

తాతారావు ముఖం విచ్చుకుంది. బెల్లు ఒక్కసారి కొట్టి, కొత్త గ్రావెల్ మీద టైర్లు కరకరమంటుంటే వెళ్ళిపోయాడు.

మంత్రిగారు మూడు దాకా ఉండలేదు. ఆయనకి గమ్యం ఉంది. ఒంటిగంటకే పెద్ద రోడ్డు మీద వెళ్ళిపోయారు. వెనకే కమిటీ, కమిటీ వెనక బ్యాండు వెళ్ళాయి. డైరెక్టరు గారు నా టోపీ స్వాధీనం చేసుకుని మరీ వెళ్ళారు. మూడుకి పది నిమిషాలు ఉందనగా కాలవలో ముందు గడ్డీగాదం, తర్వాత ఒంటి చెప్పు, దాని వెనక నీళ్ళు వచ్చాయి. మా చేలకి పోయే పిల్లకాలవ బోదెలోకి మళ్ళేసరికి నాలుగైంది. ఆ సాయంత్రం ఆకుమడి గట్టు మీద కూర్చుని, బీటలు ఒక్కొక్కటే పూడుతుంటే చూశాను. ఏడుపొచ్చింది. పక్కన ఎవరూ లేరు గనక ఏడ్చాను.

వారానికి మెమో వచ్చింది. ఒక సైకిలును ప్రశ్నించకుండా విడిచినందువల్ల మార్గపు వాహనరహిత స్థాయి నూరు శాతం నుంచి దిగజారినదని, అవార్డు చేజారినదని అందులో ఉంది. చివర ఒక మాట. "కాపలాదారు స్వయముగా హాజరై క్షమాపణ పత్రము దాఖలు చేసిన ఎడల, టోపీ తిరిగి ఇచ్చు విషయము సానుభూతితో పరిశీలించబడును."

నిజం చెప్పాలంటే ఆ ఆఖరి వాక్యం నేను నాలుగుసార్లు చదువుకున్నాను. ఈలోగా గేటు తెరిచే ఉంది, దాని దగ్గర ఎవరూ లేరు. కొత్త మనిషి ఇంకా టెండరులో ఉన్నాడు. పంతులుగారు బడికి వెళ్తున్నారు. బాతులు వెళ్తున్నాయి. తాతారావు రోజూ వెళ్తున్నాడు. ఆకు పచ్చబడి, ఊడ్పులకి సిద్ధంగా ఉంది.

సోమవారం పొద్దున్నే ఉతికిన చొక్కా తొడుక్కుని, క్షమాపణ పత్రం మడిచి జేబులో పెట్టుకున్నాను. తొమ్మిదింటి బస్సుకి టైమవుతోంది. పల్లాలమ్మ మామూలుగానే "గొడుగు ఇమ్మంటారా?" అంది. ఇమ్మన్నాను. ఇచ్చింది. నేను గడప దాటి రెండు మెట్లు దిగాను.

"ఎక్కడికి?"

వెనక్కి తిరిగి చూశాను. పాతికేళ్ళ కాపురంలో మొదటిసారి అడిగింది. తెలియక కాదు, మరిచిపోయి కాదు. గుమ్మంలో రెండు చేతులూ నడుము మీద పెట్టుకుని, స్పష్టమైన స్వరంతో అడిగింది.

వెనక్కి వచ్చాను. కాళ్ళు కడుక్కున్నాను. అరుగు మీద కూర్చున్నాను. ఆవిడ చెంబుతో మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. తాగాను. పద్ధతి ప్రకారం మళ్ళీ బయల్దేరవచ్చు. కానీ ఆవిడ గుమ్మంలోంచి కదల్లేదు. ఎన్నిసార్లు బయల్దేరితే అన్నిసార్లు అడగడానికి సిద్ధంగా ఉంది. వీధి చివర బస్సు హారను కొట్టి వెళ్ళిపోయింది.

పల్లాలమ్మ నా చేతిలో గొడుగు తీసుకుని, టోపీ ఉండే మేకుకి తగిలించింది. తువ్వాలు తెచ్చి నా ఒళ్ళో పడేసింది. నేను దాన్ని తలకి చుట్టుకుని, ఆకు తీయడానికి చేలోకి వెళ్ళాను.